పదకొండు చేతుల కుట్టు

లిడియా ఏ బట్టల కంపెనీకి వెళ్ళినా మొదట అడిగేది మరుగుదొడ్డి ఎక్కడని. పాపం ఏదో జబ్బుందేమో అనుకునేవారు కొత్తవాళ్ళు. అడిగింది తన కోసం కాదని, కుట్టేవాళ్ళ కోసమని తర్వాత తెలిసేది. ఆడవాళ్ళు ఎనిమిది గంటలు కూర్చుని కుట్టేచోట గడియ పడే మరుగుదొడ్డి లేకపోతే, ఆ కంపెనీ గోడ మీద వేలాడే సర్టిఫికెట్లన్నీ ఆమె లెక్కలో పాత క్యాలెండర్లే. బట్టల వ్యాపారాన్ని న్యాయంగా, నేలకీ నీళ్ళకీ కీడు చెయ్యకుండా నడిపించడం ఎలాగో ఆ వ్యాపారులకు నేర్పడం ఆమె ఉద్యోగం. తెనాలిలో చుట్టాలెవరైనా "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అని అడిగితే, లూథరన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన వాళ్ళ నాన్న కాసేపు ఆలోచించి, "అందరికీ పని పెంచుద్ది" అనేవాడు.

అలా పని పెంచుకున్నవాళ్ళలో నీరజ ఒకతె. ఇద్దరూ తెనాలిలో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. నీరజ వాళ్ళకి సంగం జాగర్లమూడిలో పొలాలున్నాయి, తెనాలిలో తాతల నాటి పసుపు గోడౌనుంది. ఆ గోడౌనులో ఇరవై మిషన్లు వేసి చంటిపిల్లల బట్టలు కుట్టిస్తోంది. గోడలు ఇప్పటికీ పసుపు వాసనే వేస్తాయి. లిడియా కాలుపెట్టిన ఏడాదిన్నరలో అక్కడి రంగునీళ్ళు కాలవలో కలవడం ఆగింది. ప్లాస్టిక్ గుండీల బదులు కొబ్బరిచిప్ప గుండీలు వచ్చాయి. కత్తిరించగా మిగిలిన పీలికలు బొంతలయ్యాయి. మరుగుదొడ్డికి గడియ కూడా పడింది. "నువ్వు నా స్నేహితురాలివా, అత్తగారివా?" అని నీరజ వారానికోసారి విసుక్కునేది గాని, చెప్పింది మాత్రం చేసేది.

ఆ కష్టానికి ఫలితంగా బెంగళూరు దుకాణాలవాళ్ళ నుంచి ఆర్డరొచ్చింది. ఏడాది నిండని పిల్లలకి ఆరువందల ఫ్రాకులు, నమూనాలకని పైన ఇంకో పదహారు. ఛాతీ మీద సన్నటి కుచ్చులు పోసి, వాటిని చేత్తోనే కుట్టాలి. ఏ ఫ్రాకు ఎవరు కుట్టారో పేరుతో సహా చెప్పాలి. ఇవి నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తామన్నారు. నచ్చకపోతే చేతిపని మానేసి, ఎక్కడో పట్నంలో మిషను మీద కుట్టించుకుంటామన్నారు.

ఆ చేతిపని రేపల్లె దగ్గర ఒక పల్లెలో, చర్చి పక్కనున్న హాల్లో జరుగుతుంది. కుట్టేది పదకొండు మంది ఆడవాళ్ళు. వాళ్ళు నిన్నమొన్నటిదాకా ఒకే నాట్ల ముఠా. అరవయ్యేళ్ళ అన్నమ్మ వాళ్ళకి మేస్త్రి. ఏ చేలో ఎప్పుడు దిగాలో, ఎప్పుడు గట్టెక్కాలో ఆమె మాటే మాట. ఇప్పుడు సగం మంది రైతులు విత్తనాలు వెదజల్లేస్తున్నారు, నాట్లు పెట్టించడం లేదు. ముఠాకి ఏడాదిలో ఎనిమిది నెలలు పని లేకుండా పోయింది. అందుకే లిడియా వచ్చి కుట్టు నేర్పుతానంటే అన్నమ్మ మారు మాట్లాడకుండా పదకొండు మందినీ చాపల మీద కూర్చోబెట్టింది. బురదలో నానిన వేళ్ళకి సూది పట్టుబడదేమోనని లిడియా భయపడింది. మూడు వారాలకే పట్టుబడింది.

లిడియా రెండు నియమాలు పెట్టింది. మొదటిది, కుట్టిన ప్రతి ఫ్రాకుకీ కుట్టినామె పేరు రాసిన గుడ్డచీటీ కట్టాలి. రెండోది సూది సంగతి. ఒక్కొక్కరికి ఒక్కటే సూది. విరిగితే రెండు ముక్కలూ తెచ్చి చూపించి కొత్తది పట్టుకెళ్ళాలి. ఒక ముక్క కనబడకపోతే ఆమె కుట్టిన ఫ్రాకులన్నీ ఆపేయాలి, ఎందుకంటే చంటిపిల్ల ఒంటి మీద వేసే గుడ్డలో సూదిమొన ఉండిపోతే ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. "జరిమానా ఏమీ లేదు, తిట్టేదీ లేదు, చెబితే చాలు" అని లిడియా మూడుసార్లు మరీ చెప్పింది. పదకొండు తలలూ ఊగాయి.

పని అయిపోయేసరికి చీటీలు లెక్కపెడితే ఒక్కొక్కరి పేరున సరిగ్గా యాభై ఆరు ఫ్రాకులు తేలాయి. పదకొండు మంది, పదకొండు రకాల వేగం, పైగా ఒకామెకి చంటిపిల్లాడు, ఇంకొకామెకి నడుంనొప్పి. అయినా అందరికీ యాభై ఆరే. లెక్క అంత చక్కగా కుదిరినప్పుడు మనిషికి అనుమానం రావాలి. లిడియాకి గర్వం వచ్చింది.

గురువారం మధ్యాహ్నం ఆమె తెల్లగుడ్డ పరిచి సూదులు వెనక్కి తీసుకుంది. పక్కపక్కనే పేర్చి చూసుకుంటే అందులో ఒకటి కురచగా ఉంది. తక్కువైంది వడ్లగింజలో సగమంతే. దానికీ మొన ఉంది గాని, అది రాతి మీద రుద్ది తెచ్చిన మొన.

"ఇదెవరిది?"

రూతు లేచి నిలబడింది. ఇరవయ్యారేళ్ళ మనిషి. పట్నంలో ఒక కుట్టు కంపెనీలో రెండేళ్ళు చేసి, తిరిగి ఊరికొచ్చి ముఠాలో కలిసింది. పదిమందిలో నోరు విప్పడం తక్కువ.

"నాదేనండి. సోమవారం విరిగింది. చాపంతా దులిపానండి. ముక్క దొరకలా."

"మరి చెప్పలేదేంటి? జరిమానా లేదని మూడుసార్లు చెప్పానా లేదా?"

"చెప్పారండి." రూతు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "భయమేసిందండి."

లిడియాకి ఒళ్ళు మండింది. శనివారం పొద్దున బెంగళూరు కంపెనీ మనిషి తెనాలి వస్తున్నాడు, పెట్టెలకి సీలు వెయ్యడానికి. అయినా కోపం దిగమింగుకుంది. నియమం పెట్టింది ఇలాంటి రోజు కోసమే కదా. "సరే, నీ పేరున్న యాభై ఆరూ పక్కన పెడదాం. అవి విప్పి చూస్తే సరిపోతుంది" అంది.

పదకొండు మందీ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అన్నమ్మ గొంతు సవరించుకుంది.

"ఆ చీటీలు నమ్మమాకమ్మా. చీటీ మీద పేరొకళ్ళది, లోపల కుట్టొకళ్ళది."

"అంటే?"

"మడిలో దిగేటప్పుడు ఒక్కొక్కళ్ళం ఒక్కో వరస తీసుకుంటాం గదా, మునుం అంటాం. ఎవరన్నా వెనకబడితే పక్కమనిషి వాళ్ళ మునుం కూడా కలుపుకుని నాటుద్ది. అందరం ఒక్కసారే గట్టెక్కాలి. ఒకళ్ళని బురదలో వదిలేసి మిగతావోళ్ళం గట్టు మీద కూకోం. ఇక్కడా అట్టాగే చేశాం. ఎవరి కుట్టు ఆగితే వాళ్ళది పక్కమనిషి అందుకుంది. చివర్న చీటీలు సమానంగా కట్టేశాం."

ఇప్పుడు సూదిమొన ఆరువందల పదహారు ఫ్రాకుల్లో దేంట్లోనైనా ఉండొచ్చు. ఒక్కో ఫ్రాకు కుచ్చులు విప్పి వెతికి మళ్ళీ కుట్టాలంటే నెల పడుతుంది. చేతిలో ఉన్నది ఒక్క రోజు. ఆర్డరు పోతే ఈ పదకొండు మందికీ ఏడాది పొడుగునా ఉండే పని పోతుంది, ఇక తిరిగి రాదు. ఆ చీటీల పద్ధతి కనిపెట్టిన తెలివైన మనిషి తనే.

నీరజకి ఫోను చేసింది. అంతా విని నీరజ, "చాప మీద పడి ఊడ్పులో పోయుంటదే. ఎవరికి తెలుసు? వదిలెయ్" అంది. లిడియా ఫోను పట్టుకునే నిలబడింది. నీరజ చెల్లెలికి నాలుగు నెలల పాపుంది. "సరే, ఏం చేద్దామో చెప్పు" అంది నీరజ, ఈసారి గొంతు మార్చి.

లిడియా పెదనాన్న కొడుకు అజయ్ బాబు బాపట్ల దగ్గర రొయ్యల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే అధికారి. అక్కడ రొయ్యల ప్యాకెట్లలో ఇనుపరజను ఉందేమో పట్టే మిషను ఉంటుంది. ప్యాకెట్ బెల్టు మీద నడిచి దాని కింద నుంచి పోతుంది, రవ్వంత ఇనుమున్నా కూత పెడుతుంది. లిడియా అన్నయ్యని బతిమాలింది.

"శుక్రవారం నాలుగున్నరకి బెల్టు కడుగుతాం. కడిగే ముందు పదిహేను నిమిషాలు ఇస్తాను. యాభై దాకా పెట్టుకో. ఆరొందలు అన్నావంటే నా ఉద్యోగం పోద్ది తల్లీ" అన్నాడు అజయ్ బాబు.

ఆరువందల పదహారులోంచి యాభై. లిడియా ఫోను పెట్టేసి ఆ మాటే వాళ్ళకి చెప్పింది, ఇక చెప్పుకోవడానికి ఎవరూ లేక. అన్నమ్మ శ్రద్ధగా విని, "రూతు చెయ్యి పడ్డవి తీసిస్తే చాలా?" అంది.

"చాలు. కాని ఎలా తీస్తారు?"

"చూసి" అంది అన్నమ్మ. బడి వదిలేటప్పుడు అంతమంది పిల్లల్లో మీ పిల్లని ఎలా గుర్తుపడతావని అడిగితే ఏ తల్లైనా ఎలా చూస్తుందో, అలా చూసింది లిడియా వంక.

శుక్రవారం ఎనిమిదింటికల్లా అందరూ హాల్లో ఉన్నారు. ఈస్టరుకి ముందొచ్చే శ్రమల కాలం కాబట్టి సాయంత్రం అక్కడ ప్రార్థన కూడిక ఉంది, రెండింటికి హాలు ఖాళీ చెయ్యాలి. అన్నమ్మ మొదట చీటీలన్నీ కోసి పారేయించింది. లిడియా ప్రాణం ఉసూరుమంది గాని ఊరుకుంది. మధ్యలో తెల్లటి, లేత దానిమ్మరంగు ఫ్రాకులు కుప్పగా పోశారు.

అన్నమ్మ ఒక ఫ్రాకు తీసుకుని, కుచ్చుల మీద బొటనవేలు ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నడిపింది. "ప్రియ" అని కుడిపక్కకి వేసింది. రెండోది తీసింది, వేలు నడిపింది, ఇంకో పేరు చెప్పి ఎడమపక్కకి వేసింది. అటుపక్క మిగతా ఆడవాళ్ళు కూడా మొదలుపెట్టారు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ ఆగలేదు. మధ్యమధ్య ఎవరో ఒకరు "పెద్దమ్మా, ఇది చూడు" అని ఫ్రాకు అందిస్తే, అన్నమ్మ వేలు పెట్టి పేరు చెప్పేది, ఇచ్చినామె "నేనూ అదే అనుకున్నా" అనేది. అరగంటలో హాలంతా పదకొండు చిన్న కుప్పలు లేచాయి.

లిడియా రెండు కుప్పల్లోంచి రెండు ఫ్రాకులు తీసుకుని కిటికీ దగ్గరికి పోయింది. భూతద్దం పెట్టి చూసింది. అంగుళానికి కుట్లు లెక్కపెట్టింది. ఇందులో తొమ్మిది, అందులోనూ తొమ్మిది. దారం అదే, వాలు అదే. ఆమె కంటికి రెండూ ఒక్కటే.

"నాకేం తేడా కనపడట్లేదు" అంది, ఓటమి ఒప్పుకుంటున్నట్టు.

"అద్దం తీసెయ్యమ్మా, వేలు పెట్టు" అంది అన్నమ్మ. "ప్రియ దారం లాగి, వదిలి, మళ్ళీ లాగుద్ది. ఇదుగో, ఈమె బిగబట్టే కుట్టుద్ది. అత్త మీద కోపమంతా దారం మీదే." అందరూ నవ్వారు, ఆ కోపమున్నామె అందరికంటే గట్టిగా నవ్వింది. "నాటు చూసి చెప్పమా, ఎవరి మునుమో? వారం పోయాక గట్టు మీద నిలబడితే తెలిసిపోద్ది. ఒకళ్ళ వేలు లోతుకి దిగుద్ది, ఒకళ్ళ మొక్క ఎడంపక్కకి వాలుద్ది. చేలో తెలిసేది గుడ్డ మీద తెలవదా?"

లిడియాకి నమ్మాలనే ఉంది. కాని ఈ నమ్మకం మీద పసిపిల్లల ఒళ్ళు ఆధారపడి ఉంది. అందుకని పరీక్ష పెట్టింది. వేర్వేరు కుప్పల్లోంచి పన్నెండు ఫ్రాకులు తీసి, ఏది ఎక్కడిదో తన పుస్తకంలో రాసుకుని, కలిపేసి, బయట పిల్లాడికి పాలు పట్టి అప్పుడే లోపలికొచ్చిన ప్రియ చేతికిచ్చింది. ఆ అమ్మాయి నడుస్తూనే పన్నెండింటినీ ఏ కుప్పవి ఆ కుప్పలో వేసేసింది. ఒక్కటీ తప్పు పోలేదు. ఒక ఫ్రాకు దగ్గర మాత్రం ఆగింది.

"ఇది నాదే. బాబుకి జ్వరమొచ్చిన రోజుది."

"అవును, వదులుగా ఉంది" అంది అన్నమ్మ, దూరం నుంచే. "ఆ రోజు నీ చెయ్యి చెయ్యిలా లేదు."

లిడియా చివరి అస్త్రం బయటికి తీసింది. మొదట్లో వీళ్ళకి నేర్పడానికి తను కుట్టిన నమూనా ఫ్రాకు ఆమె సంచిలో ఉంది. ఎవరూ చూడకుండా దాన్ని కుప్పలో దూర్చింది. పావుగంటకి అది అన్నమ్మ చేతికొచ్చింది. బొటనవేలు సగం దాకా నడిచి నిలిచిపోయింది.

"ఇది మా ముఠాది కాదు. చదువుకున్న చెయ్యి. కుట్టుకుట్టుకీ ఆగి కొలత చూసుకుంది. పాపం, తప్పు పోద్దేమోనని భయం." ఫ్రాకు మడిచి లిడియా ఒడిలో పెట్టింది. "నీదేగా అమ్మా?"

ఆమె చదివిన చదువులో దారం బలానికి కొలత ఉంది, రంగు నిలకడకి కొలత ఉంది, నేత చిక్కదనానికి కొలత ఉంది. ఒక మనిషి చెయ్యి గుడ్డ మీద ఉండిపోతుందని, ఆ చేతిని ఇంకో చెయ్యి తాకి గుర్తుపడుతుందని ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. జ్వరం, కోపం, భయం, అన్నీ అక్కడే ఉన్నాయి, చదివేవాళ్ళకి కనబడుతూ. మూడు నెలలుగా వీళ్ళకి నేను నేర్పుతున్నాను అనుకుందామె. ముందు సిగ్గేసింది, ఆ వెనకే ఒళ్ళంతా గగుర్పొడిచింది. చిన్నప్పుడు క్రిస్మస్ తెల్లవారి ఆరాధనలో అందరూ ఒక్కసారి పాట ఎత్తుకుంటే అలాగే అయ్యేది. ఆమె చెప్పులు విడిచి, వెళ్ళి చాప చివర ఖాళీగా ఉన్నచోట కూర్చుంది.

ఒంటిగంటకి రూతు కుప్పలో ముప్ఫై తొమ్మిది తేలాయి. ఇవి కాక ఒక ఆరు ఫ్రాకుల్ని అన్నమ్మ విడిగా పెట్టింది. "ఇవి సగం రూతు, సగం వేరేవోళ్ళు. మధ్యలో చెయ్యి మారింది. ఆ తర్వాత ఎవరిదన్నది ఇప్పుడక్కర్లా" అంది. మొత్తం నలభై అయిదు. నీరజ తెచ్చిన కారులో ఆమెతో పాటు లిడియా, అన్నమ్మ, రూతు బాపట్ల బయల్దేరారు. దారి పొడుగునా రూతు ఒడిలో ఆ మూట పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఫ్యాక్టరీలో నలుగురికీ తలకి ప్లాస్టిక్ టోపీలు, కాళ్ళకి రబ్బరు బూట్లు ఇచ్చారు. చల్లటి గది, క్లోరిన్ నీళ్ళ వాసన, రొయ్యల వాసన. అజయ్ బాబు మొదట వేలెడంత ప్లాస్టిక్ ముక్కని బెల్టు మీద పెట్టాడు. లోపల ఇసుకరేణువంత ఇనుము ఉందట. అది మిషను కిందికి పోగానే ఎర్రదీపం వెలిగి, కీచుమని కూతపెట్టి బెల్టు ఆగిపోయింది. "చూశారుగా, దీన్ని మోసం చెయ్యడం ఎవరి వల్లా కాదు" అన్నాడు గర్వంగా, తనే దాన్ని కన్నట్టు.

ఒక్కో ఫ్రాకునీ కొత్త కవర్లో పెట్టి బెల్టు మీద వదిలారు. పది పోయాయి. ఇరవై పోయాయి. నీరజ పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తల్చుకుంటోందో. రూతు కుప్పలోని ముప్ఫై తొమ్మిదీ పోయాయి, మిషను పలకలేదు. చాప ఊడ్పులోనే పోయిందా ముక్క? లేకపోతే తను పొద్దున చూసిందంతా భ్రమా? మిగిలిన ఆరులో మొదటిది పోయింది. రెండోది పోయింది.

మూడో దానికి మిషను కూత పెట్టింది.

అజయ్ బాబు దాన్ని తిప్పి పెట్టాడు, మళ్ళీ కూసింది. బోర్లించి పెట్టాడు, మళ్ళీ కూసింది. "ఇందులో ఉందమ్మా" అన్నాడు. మిగిలిన మూడూ నిశ్శబ్దంగా వెళ్ళిపోయాయి. లిడియా సన్న కత్తెరతో కుచ్చులు విప్పింది. మూడో వరసలో, మడత లోపల, దారం కింద, చీమకన్నంత మెరుపు. నీరజ ఆమెని గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది. ఆరువందల పదహారు ఫ్రాకుల్లోంచి బొటనవేళ్ళు దాన్ని వెతికి పట్టుకుని ఇక్కడిదాకా తెచ్చాయి. లిడియాకి గట్టిగా అరవాలనిపించింది.

అన్నమ్మ మాత్రం ఆ ఫ్రాకు అందుకుని, విప్పగా మిగిలిన కుట్టు మీద వేలు నడుపుతోంది.

"ఇక్కడిదాకా రూతు" అంది. సూదిమొన దొరికిన చోట వేలు ఆగింది. "ఇక్కడ్నించి..."

వేలు వెనక్కి వచ్చి మళ్ళీ నడిచింది. పొద్దుట్నుంచి వందల ఫ్రాకులకి తడుముకోకుండా పేరు చెప్పిన మనిషి ఈ జానెడు కుట్టు దగ్గర చాలాసేపు నిలబడిపోయింది.

"ఇక్కడ్నించి నాదమ్మా."

రూతు నెమ్మదిగా చెప్పింది. సోమవారం సూది విరిగితే ఫ్రాకు చాప మీద పెట్టి, ముక్క కింద పడిందేమోనని వెతుకుతూ ఉండిపోయిందట. తలెత్తేసరికి కుట్టు పూర్తయి ఫ్రాకు కుప్పలో చేరిందట. ఎవరు అందుకున్నారో ఆమె చూడలేదు. పిల్ల వెనకబడింది, మునుం కలుపుకుందాం అనుకుంది అన్నమ్మ. ఎప్పటిలాగే అందుకుని, ఆ మొన మీదుగానే కుట్టుకుంటూ పోయింది. తిరుగు ప్రయాణంలో ఆ ఫ్రాకు అన్నమ్మ ఒళ్ళోనే ఉంది.

లిడియా ఆ సాయంత్రమే బెంగళూరుకి మెయిల్లో ఉత్తరం రాసింది. చీటీలు అబద్ధమని రాసింది, సూది విరిగిందని రాసింది, మొన దొరికిన సంగతీ ఫొటోతో సహా పెట్టింది. చివర్న, "మిగిలిన ఐదువందల డెబ్భై ఒకటి మిషను చూడలేదు. పదకొండు మంది వేళ్ళు చూశాయి. నేను వాటిని నమ్ముతున్నాను" అని రాసి సంతకం పెట్టింది.

"ఈ చివరి ముక్క చదివి నవ్వుతారే" అంది నీరజ.

"నవ్వనీ."

శనివారం పది గంటలకి బెంగళూరు కంపెనీ మనిషి రోహిత్ గోడౌనుకి వచ్చాడు. ఉద్యోగం బెంగళూరులో అయినా, బాపట్లలో చదువుకున్న కుర్రాడే. పదకొండు మందీ పొద్దున రైల్లో రేపల్లె నుంచి తెనాలి వచ్చి, గోడవారగా కూర్చుని ఉన్నారు. అందరికీ నమస్కారం పెట్టి, ఉత్తరం చదివానని చెప్పి, అతను బ్యాగులోంచి నల్లటి కర్రలాంటిది తీశాడు. సినిమాహాలు గుమ్మంలో మనుషుల్ని తడిమే మిషను లాంటిదే, ఇంకా చిన్నది.

"సూదులు పట్టేదండి. ఎప్పుడూ నా బ్యాగులో ఉంటది. ముందుగా ఎవరికీ చెప్పం."

నీరజ మొహం పాలిపోయింది. గురువారం ఫోనులో తను అన్న మాట ఎక్కడ బయటపడుతుందోనన్నట్టు లిడియా వంక చూసింది. లిడియా కుర్చీ లాగి ఆమెని కూర్చోబెట్టింది.

రొయ్యల మిషను కింద పెట్టని ఐదువందల డెబ్భై ఒక్క ఫ్రాకులూ రోహిత్ తెప్పించి, ఒక్కొక్కటే చూడ్డం మొదలుపెట్టాడు. మొదటి వంద చకచకా చూశాడు. కర్ర పలకలేదు. రెండో వందకి నెమ్మదించాడు. లిడియా ప్రతి ఫ్రాకునీ కళ్ళార్పకుండా చూస్తోంది. గోడవార కూర్చున్న ఆడవాళ్ళకి ఆ బాధే లేదు. రేపల్లెలో చేపల ధరల గురించి, తిరుగు రైలు గురించి మాట్లాడుకుంటున్నారు. పలకదని వాళ్ళకి తెలుసు. నాలుగో వంద దగ్గర రోహిత్ కర్ర పక్కన పెట్టి, ఎవరూ చూడట్లేదనుకుని, కుచ్చుల మీద తన బొటనవేలు నడిపి చూశాడు. ఇంకో ఫ్రాకు తీసి మళ్ళీ నడిపాడు. తల అడ్డంగా ఊపుకుని కర్ర అందుకున్నాడు. మూడు గంటలకి ఆఖరిది కూడా అయిపోయింది. ఐదువందల డెబ్భై ఒక్కసారి ఆ మిషను నోరు మెదపలేదు.

"ఒక్కటీ లేదండి" అన్నాడు, చర్చిలో మాట్లాడినట్టు గొంతు తగ్గించి. "పదేళ్ళుగా ఈ పని చేస్తున్నా. ఇట్టాంటిది చూళ్ళేదు. పెట్టెలకి సీలు వేసేద్దాం. ఏడాది పని మీకే."

పదకొండు మందిలో గలగలా మాటలు లేచాయి. అప్పుడు అన్నమ్మ లేచి నిలబడింది.

"బాబూ, ఆ మొన మీద కుట్టింది నేను. మీ కాయితంలో రాసుకోండి. పిల్ల వెనకబడింది గదాని దాని పని కలుపుకున్నా. ముప్ఫయ్యేళ్ళుగా నేను చేస్తున్నది అదే. వెనకబడితే కలుపుకోవడమే తెలుసు. ఎందుకాగావని ఎప్పుడూ ఎవర్నీ అడగలా."

లిడియాకి ఆ మాట తిన్నగా వచ్చి తగిలింది. జరిమానా లేదని మూడుసార్లు చెప్పింది తను. భయమేసిందని రూతు అంటే దేనికని ఒక్కసారి అడగలేదు.

అన్నమ్మ వచ్చి రూతు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇప్పుడడుగుతున్నానే. దేనికే అంత భయం?"

రూతు కొంగు నోటి దగ్గరికి పోయి, మళ్ళీ కిందికి దిగింది. పట్నంలో తన పక్క మిషను మీద కుట్టిన పిల్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. సూది విరిగి ముక్క కనబడకపోతే, ఆ పిల్లని గేటు దగ్గర అందరి ముందూ నిలబెట్టి కాపలావాడి చేత ఒళ్ళంతా తడిమించారట. ఇద్దరిదీ ఒకే గది. సాయంత్రం రూతు గదికొచ్చేసరికి పక్కనుండే ఆ పిల్ల చాప లేదు. ఎక్కడికి పోయిందో ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల సూది అందుకుని మిగతా కుట్టు పూర్తి చెయ్యమని సూపర్‌వైజరు రూతుకే చెప్పాడు. రూతు చేసింది.

చెబుతూ చెబుతూ ఆమె చాలాచోట్ల ఆగింది. రోహిత్ సీలు పట్టుకునే నిలబడ్డాడు, నీరజ కళ్ళు తుడుచుకుంటోంది. ఆగిన ప్రతిసారీ అన్నమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆమె మాట అందుకోకుండా, మళ్ళీ తనే మొదలుపెట్టేదాకా కూర్చుంది.